విజయ అనే మొక్క

ఆయుర్వేద నిఘంటువుల్లో గంజాయి మొక్కకి ఉన్న పేర్లలో ఒకటి విజయ. విజయవాడలో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి ముప్ఫయ్యేళ్లు దాటాక గానీ తెలీలేదు. మాకు గంజాయి అంటే పేపర్లో జిల్లా పేజీ వార్త. ఏజెన్సీ నుంచి హైవే మీద వస్తూ పట్టుబడ్డ లారీ, వరసగా పేర్చిన పొట్లాలు, వెనక నిలబడ్డ పోలీసులు, ముందు ముసుగులేసి కూచోబెట్టిన కుర్రాళ్లు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు గుట్టలు పోసి తగలబెట్టారు. ఈ వార్తల్లో రోగి అనే మాట నేనెప్పుడూ చూళ్లేదు.

ఆ మాట మొదట విన్నది న్యూజెర్సీలో ఉండే మా అక్క దగ్గర. పెదనాన్నగారి అమ్మాయి. 2019లో తనకి కీమో నడుస్తోంది. మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. అక్కడి నర్సు మెడికల్ గంజాయి కార్డు సంగతి చెప్పిందట. న్యూజెర్సీలో 2010 నుంచే చట్టం ఉంది. అక్క లాయర్ని అడిగితే వద్దన్నాడు.

"స్టేట్ వాళ్లు తప్పు కాదంటారు, ఫెడరల్ వాళ్లు తప్పంటారు. నేను సిటిజెన్‌షిప్ అడగాల్సింది ఫెడరల్ వాళ్లనే కదరా," అంది.

లాయరు ఊరికే భయపెట్టలేదు. ఆ ఏప్రిల్‌లోనే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా రాసింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వాడకం ఫెడరల్ నేరమే కాబట్టి, పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తనకి అది అడ్డు కావచ్చని. రోగులకి రక్షణ అసలు లేదా అంటే, ఉంది. 2014 డిసెంబర్‌లో అక్కడి కాంగ్రెస్ బడ్జెట్‌లో ఒక షరతు పెట్టింది. రాష్ట్రాల వైద్య గంజాయి చట్టాల్ని అడ్డుకోడానికి న్యాయశాఖ డబ్బు ఖర్చు పెట్టకూడదు. రోరాబాకర్-ఫార్ సవరణ అంటారు దాన్ని. అంటే నేరం నేరంగానే ఉంది, కేసు నడపడానికి పైసలు లేవు, అంతే. బడ్జెట్‌తో పాటే దాన్నీ మళ్లీ మళ్లీ పొడిగించుకోవాలి. పైగా ఇమిగ్రేషన్ వాళ్లది వేరే శాఖ. ఇంటికొకరు అమెరికాలో ఉన్న మా కృష్ణా జిల్లా ఊళ్లలో ఈ తేడా ఎంతమందికి తెలుసో!

అక్క కార్డు తీసుకోలేదు. మామూలు వాంతుల బిళ్లలతోనే కీమో లాక్కొచ్చింది.

అప్పుడే మన ఎన్‌డీపీఎస్ చట్టం తీసి చదివాను. 1985 నాటిది. ఎనిమిదో సెక్షన్‌లో వైద్య, శాస్త్రీయ అవసరాలకి మినహాయింపు ఉంది. కానీ ఆ అవసరమున్న మనిషి ఎవరి దగ్గరికెళ్లాలో, ఏ కాగితం చూపించాలో చెప్పే ఏర్పాటు గంజాయి విషయంలో కనపడదు. ఆకు వేరు, పూత వేరు. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత. ఒట్టి ఆకు దాని కిందికి రాదు. ఆ సందులోంచే విజయ పేరుతో ఆయుర్వేద తైలాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పూతైతే కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. నన్ను ఆపింది మాత్రం 64ఎ సెక్షన్. వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకి చేరితే, చిన్న పరిమాణం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. మంచిదే. కానీ వాంతులు తగ్గుతాయని వాడిన కాన్సర్ రోగి పట్టుబడితే, ఈ రక్షణ కోసం తను వ్యసనపరుడినని ఒప్పుకోవాలి.

గంజాయి సర్వరోగనివారిణి అని నేననను. వాట్సాప్‌లో అలా చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. కీమో వాంతులకీ, పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకీ ఆధారాలున్నాయి. ఆ మూర్ఛల కోసం ఈ మొక్క నుంచి తీసిన మందుకి 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అంతవరకైనా మన డాక్టర్లు భయం లేకుండా మాట్లాడగలగాలి.

రోగిని చట్టంలోకి తేవడం మనకి చేతకాని పనేం కాదు. మార్ఫిన్ విషయంలో చేశాం. 1985లో దేశం మొత్తం వైద్యానికి 716 కిలోల మార్ఫిన్ వాడింది. ఈ చట్టం వచ్చాక, పదేళ్ల జైలుకీ రకరకాల లైసెన్సులకీ భయపడి ఆస్పత్రులు మానేస్తే, 1997కి అది 18 కిలోలకి పడిపోయింది. నల్లమందు పండించే దేశంలో! కేరళలో రాజగోపాల్ లాంటి డాక్టర్లు ఏళ్లతరబడి పోరాడాక, 2014లో సవరణ వచ్చింది. 'అత్యవసర మాదక ఔషధాలు' అని కొత్త విభాగం పెట్టి, ఒకే లైసెన్సు చాలన్నారు.

చట్టం మారినంత తేలిగ్గా మందుల షాపు మారలేదు. 2021లో పెదనాన్నకి ప్రోస్టేట్ కాన్సర్ ఎముకల్లోకి పాకింది. డాక్టరు మార్ఫిన్ రాశాడు. చీటీ పట్టుకుని బెజవాడలో ఎన్ని షాపులు తిరిగానో. "ఆ బిళ్లలు మేం పెట్టమండీ, లెక్కలు చెప్పలేం," అన్నాడొకాయన, చీటీ ముట్టుకోకుండానే. చివరికి హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో దొరికాయి. బస్సులో తెస్తున్నంతసేపూ చీటీ జేబులోనే పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదనుకోండి.

మొదటి బిళ్ల వేసుకున్న రాత్రి పెదనాన్న పక్కకి తిరిగి పడుకున్నాడు. మూడు వారాలుగా ఆయన పక్కకి తిరగలేదు. పెద్దమ్మకి అది నల్లమందు నుంచి వచ్చేదని చెప్తే, "ఓస్, మా తాత రోజూ వేసుకునేవాడు," అని బిళ్లల్ని బీరువాలో నగల పక్కన పెట్టి తాళం వేసింది.

ఆయన పోయాక 11 బిళ్లలు మిగిలాయి. పారేద్దామంటే ఒప్పుకోలేదు. నన్ను మళ్లీ హైదరాబాద్ పంపి వెనక్కి ఇప్పించింది. రసీదు మర్చిపోకుండా తెమ్మంది. తెచ్చాను. ఆయన డెత్ సర్టిఫికెట్ ఉన్న కవర్లోనే దాన్నీ పెట్టింది.