ఒంటెను కట్టని ప్రయాణం

ఖమ్మం నుండి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్ల దూరం. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ: ఈ ఊళ్ళ పేర్లు మాకు చిన్ననాటి నుండి కంఠస్థం. మా అమ్మగారి అక్కగారు భద్రాచలంలో ఉండటమే అందుకు కారణం. మే నెలలో ఒక ఉదయం ఆమె అల్లాహ్ సన్నిధికి చేరారన్న కబురు వచ్చింది. జుహర్ నమాజు తరువాత జనాజా నమాజు అని చెప్పారు. అక్కగారి ముఖాన్ని చివరిసారిగా చూడాలన్నది అమ్మగారి కోరిక. పాతికేళ్ళ నాటి మా మారుతి 800లో అమ్మగారిని, పిల్లలను కూర్చోబెట్టుకొని తొమ్మిదిన్నరకు బయలుదేరాము.

బయలుదేరే ముందు రెండు పనులు చేశాము. ప్రయాణ దుఆ చదివాము. రేడియేటరులో ఒక చెంబెడు బోరు నీళ్ళు పోశాము. రెండు నెలలుగా ప్రతి ఉదయం అలా నీళ్ళు పోయటం మాకు అలవాటైపోయింది. పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయని మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

జూలూరుపాడు దాటాక ఎండ ముదిరింది. రోడ్డుకు ఇరువైపులా టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడి ఉన్నాయి. కొత్తగూడెం సింగరేణి సంస్థకు కేంద్రం. అక్కడి నుండి బొగ్గు లారీల వెనుక మెల్లగా సాగవలసి వచ్చింది. పాల్వంచ వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రపు శీతలీకరణ గోపురాలు కనిపించగానే, అవి ఎందుకని పిల్లలు అడిగారు. కిన్నెరసాని జలాశయం నుండి వచ్చే నీరు అక్కడి యంత్రాల వేడిని మోసుకువస్తుందనీ, ఆ వేడిని గాలికి అప్పగించే చోటు ఆ గోపురమనీ వివరించాము. మన కారులోనూ ముందున్న రేడియేటరు ఆ పనే చేస్తుందని కూడా చెప్పాము. అలా చెబుతున్న సమయంలోనే ఉష్ణోగ్రత సూచించే ముల్లు మధ్య గీత దాటిందన్న సంగతి మేము గమనించలేదు.

పాల్వంచ దాటి అడవిలో ప్రవేశించాక ముల్లు ఎర్ర గీతను తాకింది. బానెట్ అంచుల నుండి ఆవిరి చిమ్మింది. భద్రాచలం ఇంకా ఇరవై కిలోమీటర్లకు పైగా ఉంది. సమయం పన్నెండుం పావు. ఇంకొంత దూరం లాగుదామా అన్న ఆలోచన మనసులో మెదిలింది. ఆ ఆలోచనకు లొంగిపోనివ్వక ఆ కరుణామయుడు మమ్మల్ని కాపాడాడు. రోడ్డు పక్కన ఒక ఇప్పచెట్టు నీడన కారు ఆపాము.

కారు ఆపిన మరుక్షణమే రేడియేటరు మూతపై చేయి వేయబోయాము. ఆ దగ్గరలోనే తునికాకు కల్లం ఉంది. కోయ కుటుంబాలవారు యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి, ఆ కట్టలను ఎండలో వరుసలుగా పేర్చుతున్నారు. ఆకు కోసం వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన అక్కడి నుండే కేక వేశాడు: "మూత ముట్టకండి సారూ! మీద పొంగుద్ది!"

ఆయన మాట శాస్త్రసమ్మతమైనది. మామూలుగా నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని బిగించి ఉంచుతుంది కనుక, అక్కడి నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలదు. మూత తీయగానే ఒత్తిడి తగ్గి, ఆ నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇలా కాలినవారు ఎందరో ఉన్నారు. కాలుతున్న ఇంజనులో చల్లని నీళ్ళు గుమ్మరించటం కూడా ప్రమాదమే, లోహం పగిలిపోవచ్చు. కనీసం అరగంట వేచి ఉండటం తప్ప మరో మార్గం లేదు. జనాజా సమయం దగ్గర పడుతున్న వేళ ఆ అరగంట సహనం ఎంత బరువైనదో మాకు ఆనాడు తెలిసింది.

కల్లంలోని ఒక స్త్రీ మా అమ్మగారికి తాగటానికి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తరువాత ఒక నిండు బిందె తెచ్చి కారు పక్కన పెట్టింది. ఆ నీళ్ళు మండుటెండలో చేతిపంపు నుండి మోసుకువచ్చినవి. అందులో నుండి వుజూకు తీసుకోవటానికి మాకు సంకోచం కలిగింది. మహాప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారని హదీసుల ద్వారా మనకు తెలుసు. ఆ కొలతను గుర్తు చేసుకొని, కొద్దిపాటి నీటితోనే వుజూ ముగించి, ఆ చెట్టు కిందే జుహర్‌ను ఖస్ర్‌గా చదువుకున్నాము.

ఇంజను చల్లారాక డ్రైవరు మందపాటి గుడ్డ కప్పి మూతను సగం తిప్పి, బుస ఆగాక పూర్తిగా తీశాడు. అనంతరం ఆయన పరీక్షించిన క్రమం ప్రతి పాత కారు యజమాని తెలుసుకోదగినది. ముందుగా ఇంజనాయిలు చూశాడు. అది పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయి నీరు ఆయిలులో కలిసినట్లు. మాది నల్లగానే ఉంది. నీళ్ళు నింపి ఇంజను నడిపి రేడియేటరు నోట బుడగలు వస్తాయేమో చూశాడు. ఆగకుండా బుడగలు వచ్చినా గ్యాస్కెట్‌నే అనుమానించాలి, అవీ లేవు. గొట్టాలను, క్లిప్పులను తడిమి చూశాడు. ఎక్కడా కారటం లేదు. మూత బిగించి, ముల్లు మళ్ళీ పైకి జరిగే వరకు ఇంజను నడిపించాడు. అయినా రేడియేటరు ఫ్యాను తిరగలేదు. అప్పుడు ఇంజను ఆపి, వేడిని బట్టి ఫ్యానును నడిపే స్విచ్ నుండి రెండు తీగలు ఊడదీసి ఒకదానికొకటి కలిపాడు. కారు తాళం తిప్పగానే ఫ్యాను తిరిగింది.

"ఫ్యాను బాగానే ఉంది సారూ, స్విచ్ పోయింది. అయితే రేడియేటరు కూడా పూడుకుపోయి ఉంటది. ఊళ్ళో చూపించండి," అన్నాడు. మేము ఇవ్వబోయిన డబ్బు ఆయన తీసుకోలేదు.

భద్రాచలం చేరేసరికి రెండు ముప్పావు. బంధువులు కొంతసేపు మా కోసం ఆగి, అంతిమ సంస్కారాలలో జాప్యం తగదన్న ప్రవక్త బోధనను అనుసరించి జనాజాను తీసుకువెళ్ళారు. మేము ఖబరస్తాన్‌కు పరుగున వెళ్ళి మూడు గుప్పిళ్ళ మట్టి వేయగలిగాము. అమ్మగారు మాత్రం అక్కగారి ముఖం చూడలేకపోయారు. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. రాత్రి ఇషా నమాజు తరువాత మాత్రం ఇలా అడిగారు:

"ఆ నీళ్ళు ఎన్నాళ్ళ నుండి పోస్తున్నావు నాయనా?"

"రెండు నెలలుగా అమ్మా," అని చెప్పి తల దించుకున్నాము.

మరునాడు భద్రాచలంలోని ఒక మెకానిక్కు రేడియేటరును విప్పి చూపించాడు. బోరు నీటిలోని సున్నం పేరుకొని సగం గొట్టాలు మూసుకుపోయాయి. ఖాళీ రోడ్డు మీద వేగంగా వెళ్ళేటప్పుడు ఎదురుగాలి ఆ లోపాన్ని కప్పిపుచ్చేది. లారీల వెనుక మెల్లగా సాగినప్పుడు ఎదురుగాలి లేదు, ఫ్యానూ లేదు. నీళ్ళు తగ్గటం రోగం కాదు, రోగ లక్షణం. మేము రెండు నెలలు లక్షణానికే వైద్యం చేశాము. పైగా మందు అనుకొని పోసిన బోరు నీరే రోగాన్ని పెంచింది. గొట్టాలు శుభ్రపరచటానికి, కొత్త స్విచ్‌కు, కొత్త మూతకు, డిస్టిల్డ్ నీటిలో కలిపిన కూలెంటుకు అయిన ఖర్చు మాకు భారమైనదేమీ కాదు.

కూలెంటు విషయంలో ఆ మెకానిక్కు ఒక హెచ్చరిక చేశాడు. అది తియ్యగా ఉండే విషం. నేల మీద పారబోస్తే కుక్కలు, పశువులు తాగి చనిపోతాయి. దాహంతో ఉన్న కుక్కకు నీరు తాగించినందుకే ఒక వ్యక్తికి దైవక్షమాపణ లభించిందని విన్న సముదాయం మనది. అడవి దారిలో ప్రయాణించేవారు ఈ జాగ్రత్తను మరువరాదు.

ఒంటెను కట్టివేయాలా, లేక వదలిపెట్టి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టివేసి ఆపైన భారం వేయమని మహాప్రవక్త (స) ఉపదేశించారు. మేము దుఆ చదివామే గాని ఒంటెను కట్టలేదు. ముల్లు రూపంలో, తగ్గుతున్న నీటి రూపంలో హెచ్చరికలు అందుతూనే ఉన్నా వాటిని పెడచెవిన పెట్టి, ఆ నిర్లక్ష్యానికి తవక్కుల్ అని పేరు పెట్టుకున్నాము. అందుకు మూల్యం చెల్లించింది మేము కాదు, మా అమ్మగారు.

తిరుగు ప్రయాణంలో ఆ ఇప్పచెట్టు దగ్గర కారు ఆపించి అమ్మగారు ఖర్జూరాల పొట్లంతో కల్లంలోకి వెళ్ళారు. ఆ స్త్రీ గుర్తుపట్టి, "బండి బాగైందా అమ్మా?" అని అడిగింది. బాగైందని అమ్మగారు చెప్పారు. ఆ తరువాత ఖమ్మం వరకు ముల్లు మధ్య గీత దాటలేదు. మా చూపూ దాని మీది నుండి మరలలేదు.