మోడెం కార్డు కొన్న వైనం

మా బోరుబావి ఇంటికి 2 కిలోమీటర్ల దూరం. మోటారు నడుస్తున్నదో, ఆగినదో చూడటానికి నాన్నగారు రాత్రివేళ టార్చిలైటు చేతబట్టి వెళ్ళేవారు. కిందటి వర్షాకాలంలో ఒకనాడు గట్టుమీద కాలు జారి పడ్డారు. ఎలక్ట్రానిక్స్ చదివే కుమారుడు ఇంట ఉండగా ఆయనకు ఈ అవస్థ ఏమిటని నాకు సిగ్గు కలిగింది. అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరును మోటారు షెడ్డులో పెట్టి, సెల్‌ఫోను టవరు ద్వారా ఇంటికి వార్త పంపే ఏర్పాటు చేయ సంకల్పించాను.

అందుకు కావలసినది మోడెం కార్డు. 30 మిల్లీమీటర్ల వెడల్పు, దాదాపు 51 మిల్లీమీటర్ల పొడవు గల పలక అది. మా చిన్నాన్నగారి అబ్బాయి అమెరికానుంచి సెలవులకు వస్తూండగా, “అన్నయ్యా, సెకనుకు 150 మెగాబిట్ల వేగం గలది తీసుకురా” అని వ్రాశాను. వేగం తప్ప మరొకటి అడగాలని నాకు తోచనే లేదు. డబ్బు అమ్మ చీటీపాటలోనుంచి ఇచ్చింది.

కార్డును యూఎస్‌బీ అడాప్టరులో అమర్చాను. కంప్యూటరులో అదే ఆకారపు స్లాటు ఉన్నంతమాత్రాన చాలదనీ, అందులో యూఎస్‌బీ, సిమ్ తీగలు కలిపి ఉండాలనీ అదృష్టవశాత్తు ముందే చదివాను. సిమ్ సిద్ధంగా ఉన్నదని జవాబు వచ్చింది. సిగ్నలు బలమెంత అని అడిగితే 99 అన్నది. నూటికి 99 అనుకొని పొంగిపోయాను! ఆ కొలత 0 నుంచి 31 వరకేననీ, 99 అనగా ‘తెలియదు’ అని అర్థమనీ తరువాత విదితమయింది.

ఆంటెన్నా మార్చాను, సిమ్ మార్చాను. మూడు దినాలు వృథా అయిన పిమ్మట కార్డు వివరపత్రం విప్పి చదివాను. మొట్టమొదట చేయవలసిన పని అది. ఆ కార్డు అమెరికా కొరకు తయారైన రకం. 4జీలో దానికి తెలిసినవి 2, 4, 12 బ్యాండ్లు మాత్రమే. మా పొలానికి అందేది జియో టవరు ఒక్కటే. జియో 4జీ నడిచేది 3, 5, 40 బ్యాండ్లలో. ఒక్కటీ కలవదు. పోనీ 2జీ, 3జీలైనా ఆదుకుంటాయా అంటే జియోకు అవి లేనే లేవు. అమ్మకు ఈ సంగతి చెప్పటానికి నాకు రెండు దినాలు పట్టింది.

ట్యూషన్ల డబ్బు కూడిన తరువాత కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి, ముందుగా బ్యాండ్ల పట్టిక చూసి, రెండవ కార్డు కొన్నాను. దాని వేగం 10 మెగాబిట్లే. “మోటారు నడుస్తున్నది” అనే రెండు మాటలకు అదీ అధికమే.

ఇంటివద్ద చక్కగా పనిచేసిన ఆ కార్డు షెడ్డులో మొరాయించింది. సందేశం పంపబోయిన ప్రతిసారీ కంప్యూటరే ఆగి, మళ్ళీ మొదలయ్యేది. సిగ్నలు బలహీనమైన చోట కార్డు తన సంపూర్ణశక్తితో ప్రసారం చేస్తుంది. ఆ క్షణంలో అది లాగే కరెంటుకు నా పాత చార్జరు తాళలేక వోల్టేజి పడిపోయేది. బలమైన చార్జరు పెట్టి, ఆంటెన్నాను రేకుల కప్పుమీదికి ఎక్కించగా సమస్య తీరింది.

మొదటి సందేశం రాత్రి 9 గంటలకు వచ్చింది. నాన్నగారు ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని రెండుసార్లు చదివారు. “నిజమేనేమో, ఒకసారి చూసివస్తాను” అని టార్చిలైటు అందుకున్నారు. నేనూ వెంట వెళ్ళాను.