మలక్‌పేట గోడ వెనక – కూతుళ్లు నిలబెట్టిన పేరు

మా అల్మాస్‌గూడ నుంచి ఊళ్లోకి వెళ్ళాలంటే మీర్‌పేట, కర్మన్‌ఘాట్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరాలి. అక్కణ్ణించి మెట్రో ఎక్కితే మూడో స్టేషను మలక్‌పేట. అల్మాస్ అంటే ఉర్దూలో వజ్రం. పేరు వజ్రమే గానీ, పెళ్లి పనికి ఉల్లిపాయలు బస్తాల లెక్కన కావాలంటే మాత్రం మేం మలక్‌పేట మహబూబ్ మాన్షన్ గంజికి పోవాల్సిందే. ఆ గంజికి పేరున్న మహబూబ్ అలీ ఖానే, అంటే ఆరో నిజామే, 1886లో గుర్రప్పందేలను మౌలాలి నుంచి మలక్‌పేటకు తెచ్చాడు. మౌలాలిలో అవి 1868లో మొదలయ్యాయి. అలా వచ్చిందే మలక్‌పేట రేస్‌కోర్సు.

రేస్‌కోర్సు మాటెత్తితే మన ఆడవాళ్లు మొహం చిట్లిస్తారు. చిట్లించరూ మరి! గుర్రప్పందెం వట్టి జూదం కాదు, నేర్పుతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు సరే, ఒకటో తారీకు జీతం కవరు సగమై ఇంటికొస్తే ఆ నేర్పు ఎవరిదని ఇల్లాలు అడగదూ? అందుకే ఆ గోడ పక్కనుంచి వెయ్యిసార్లు పోయినా, లోపల ఏముందో చూడాలనిపించదు మనకు.

కానీ పందెం వేరు, గుర్రం వేరు. పరుగుకు ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపించే చోటుంటుంది, ప్యాడాక్ అంటారు. అక్కడ కంచె పక్కన నిలబడి చూడండి. నూనె రాసినట్టు మెరిసే ఒళ్లు, సన్నటి కాళ్లు, చిన్న చప్పుడుకే నిక్కబొడుచుకునే చెవులు. కళ్లెం పట్టుకుని నడిపించే సాయీసు, చంటిపిల్లాణ్ణి బుజ్జగించినట్టు ఏదో చెబుతూనే ఉంటాడు. వీటి మేత సంగతంటారా, ముఖ్యంగా ఓట్స్, పచ్చగడ్డి, ఎండుగడ్డి. మనవాళ్లు గుర్రాలకు పెట్టేది ఉలవల దాణా. ఆ ఉలవలతోనే మనం చారు కాచి, మీగడ వేసుకుని లొట్టలేస్తాం కదా!

అక్కడ అమ్మే రేసు పుస్తకంలో గుర్రం పేరు, వయసు, రంగుతో పాటు తండ్రి పేరూ తల్లి పేరూ అచ్చవుతాయి. మన కాలంలో బడి రిజిస్టర్లో తండ్రి పేరొక్కటే రాసేవారు. గుర్రాలు మనకంటే నయం అనుకున్నాను. ఈ జాతిని థరోబ్రెడ్ అంటారు. మన దేశంలో పుట్టిన ప్రతి థరోబ్రెడ్ వంశమూ పుణెలో ఉన్న స్టడ్ బుక్ వారి దగ్గర నమోదు కావాలి. సూదిమందు పద్ధతిలో పుట్టించిన పిల్లకు ఈ జాతిలో చోటు లేదు. తల్లి పదకొండు నెలలు మోస్తుంది, ఏడాదికి ఒక్క పిల్లనే ఈనుతుంది. మగ గుర్రానికేం, ఒక్క ఏడులోనే డజన్ల కొద్దీ పిల్లలు. అందుకని పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఉన్నా, నోళ్లలో నానేది మాత్రం తండ్రి పేరే.

మన దేశంలో 1970లలో స్క్వాండరర్ అనే గుర్రం 19 పరుగుల్లో 18 గెలిచింది. ఆ పేరుకు అర్థం దుబారా మనిషి! పెట్టినవాళ్లకు ఎంత చమత్కారమో.

తల్లి వైపు, కూతుళ్ల వైపు వంశం ఎలా నిలుస్తుందో తెలియాలంటే అమెరికా గుర్రం సెక్రటేరియట్ కథ చెప్పుకోవాలి. మనకు ఆ మాట వింటే హుస్సేన్‌సాగర్ పక్కన ఫైళ్లు నిదానంగా కదిలే చోటు గుర్తొస్తుంది. ఈ సెక్రటేరియట్ అలాంటిది కాదు. నానాజాతి సమితి సచివాలయంలో పనిచేసి వచ్చిన ఆఫీసు ఉద్యోగిని ఒకావిడ సూచించిన పేరిది.

ఈ గుర్రం యజమానురాలు పెన్నీ చెనరీ. డెన్వర్‌లో కాపురముంటున్న గృహిణి, నలుగురు పిల్లల తల్లి. తండ్రి మంచాన పడ్డాడు, వర్జీనియాలో ఆయన పెంచిన గుర్రాల ఫారం నష్టాల్లో ఉంది. అన్న, అక్క అమ్మేద్దామన్నారు. చిన్నదైన పెన్నీ వద్దంది. ఇల్లొక చోట, లాయాలొక చోట, విమానాల్లో తిరుగుతూ రెండూ నడిపింది. ఆ సంసారం 1974లో విడాకులతో ముగిసింది.

వాళ్లకు సమ్‌థింగ్‌రాయల్ అనే ఆడ గుర్రం ఉండేది. బోల్డ్ రూలర్ అనే పేరున్న మగ గుర్రం ఫిప్స్ కుటుంబానిది. పుట్టే పిల్లల్ని ఎవరు ముందు ఎంచుకోవాలో 1969లో బొమ్మాబొరుసూ వేశారు. ఫిప్స్ గెలిచి, అప్పటికే పుట్టి ఉన్న ఆడపిల్లను తీసుకున్నాడు. అది ఒక్క పందెమూ గెలవలేదు. పందెం ఓడిన పెన్నీకి మిగిలింది ఇంకా తల్లి కడుపులో ఉన్నది. 1970 మార్చి 30న ఎర్రటి ఒళ్లు, మూడు కాళ్లకు తెల్లటి మేజోళ్లతో పుట్టింది. అదే సెక్రటేరియట్.

1973 జనవరిలో తండ్రి పోయాడు. వారసత్వపు పన్ను తలమీద పడింది. మూడేళ్లు నిండీ నిండని గుర్రాన్ని సంతానం కోసం 32 వాటాలు చేసి, వాటా లక్షా తొంభై వేల డాలర్ల చొప్పున అమ్మింది పెన్నీ. మొత్తం అరవై లక్షల ఎనభై వేలు. ఆ రోజుకు అది రికార్డు. గుర్రం ఓడిపోతే ఆవిడ గతేమిటో ఆలోచించండి.

గుర్రం ఓడలేదు. ఆ మే నెల కెంటకీ డెర్బీలో ప్రతి పావు మైలూ ముందు పావుకంటే వేగంగా పరిగెత్తి, 1 నిమిషం 59.4 సెకన్లలో ముగించింది. జూన్ 9న బెల్మాంట్‌లో 31 గుర్రాల పొడవు తేడాతో గెలిచింది, మైలున్నర 2 నిమిషాల 24 సెకన్లలో. పాతికేళ్ల తరువాత అమెరికాకు ట్రిపుల్ క్రౌన్ దక్కింది. ఆ రెండు పందేల్లోనూ ఆ సమయాలను ఇంతవరకూ ఏ గుర్రమూ దాటలేదు. బెల్మాంట్‌లో గెలిచిన టికెట్లలో 5,617 టికెట్లను జనం డబ్బు తీసుకోకుండా జ్ఞాపకంగా దాచుకున్నారు. మన మగవాళ్లు దాచుకుంటారా, చెప్పండి! ఆగస్టులో మాత్రం సెక్రటేరియట్ ఓడింది. ఓడించిన గుర్రం పేరు ఆనియన్. మలక్‌పేట గంజిలో ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని నాకు భలే సరదా. మొత్తం 21 పరుగులు, 16 గెలుపులు.

తరువాత కెంటకీలో సంతానం కోసం కట్టేశారు. ఆరు వందలకు పైగా పిల్లలు పుట్టాయి. 1988లో రెండు పెద్ద పందేలు గెలిచిన రైజెన్ స్టార్ లాంటి ఒకటి అరా తప్పితే, మగపిల్లల్లో వంశం నిలబెట్టిన తండ్రులు కాలేదు. తండ్రి అంతటివాడు పుట్టలేదంటూ జనం పెదవి విరిచారు. మన ఊళ్లల్లో కొడుకులు లేని ఇంటిని చూసి అన్నట్టే. ఈలోగా కూతుళ్లు పిల్లల్ని కన్నాయి. టెర్లింగ్వా కడుపున స్టార్మ్ క్యాట్, వీకెండ్ సర్‌ప్రైజ్ కడుపున ఏ.పీ. ఇండీ, సీక్రెటేమ్ కడుపున గాన్ వెస్ట్. మూడూ పేరుమోసిన తండ్రులయ్యాయి. స్టార్మ్ క్యాట్‌తో ఒక్కసారి జతకట్టించడానికి ఒక దశలో అయిదు లక్షల డాలర్లు తీసుకునేవారు. ముప్పై ఏడేళ్ల విరామం తరువాత 2015లో ట్రిపుల్ క్రౌన్ తెచ్చిన అమెరికన్ ఫారో, 2018లో తెచ్చిన జస్టిఫై, రెండింటి వంశంలోనూ స్టార్మ్ క్యాట్ ఉంది, అంటే టెర్లింగ్వా ఉంది.

1989 అక్టోబరు 4న గిట్టల జబ్బుతో సెక్రటేరియట్ చనిపోయింది. పరీక్ష చేసిన డాక్టరు గుండె తూచలేదు గానీ, మామూలు గుర్రాలకు రెండింతలుండి పది కిలోల దాకా తూగుతుందని అంచనా కట్టాడు. ఆ పెద్ద గుండె తండ్రి నుంచి కూతుళ్లకే దక్కుతుందని కొందరంటారు. అది ఇంకా తేలని మాట. పెన్నీ 2017లో తొంభై అయిదేళ్ల వయసులో కన్నుమూసింది.

ఈ మూడు మనవళ్ల రక్తం ఇప్పుడు పందేలున్న ప్రతి దేశానికీ పాకింది. మన దేశానికి తెప్పించిన మగ గుర్రాల్లోనూ ఉంది. మలక్‌పేటలో వానాకాలం ఒక సీజను, చలికాలం ఒక సీజను నడుస్తాయి. వెళ్తే ప్యాడాక్ దగ్గర నిలబడి పుస్తకంలో తల్లి పేరు, ఆ తల్లిని కన్న తండ్రి పేరు చూడండి. పర్సులో మెట్రో ఛార్జీ మించి పెట్టుకోకండి. తిరుగుదారిలో గంజిలో ఉల్లిపాయలు ఎలాగూ కొంటారు, అందుకు వేరే చిల్లర కొంగున కట్టుకోండి.