తల్లి విడిచిన ఆస్తి

విదేశీయుల విరాళములతో మన పల్లెపట్టుల నడచుచున్న అనాథబాలల గృహములను గూర్చి యొక వ్యాసము కావలెనని సంపాదకులు జాబు వ్రాసినప్పుడు, ఆ పని మరియొకరికి అప్పగింపుడని ప్రత్యుత్తర మిచ్చుటకే సిద్ధపడితిని గాని, గృహము వెంకటాచలమునకు చేరువ నున్నదని తెలిసినంతనే మనసు మార్చుకొంటిని. నెల్లూరికి దక్షిణమున మద్రాసు రహదారిపై నున్న ఆ యూరు, కృష్ణపట్నపు రేవునకు లారీలును సరకుబండ్లును మరలు తావుగా నేడు పేరొందినది. నాకు మాత్రము ఆ మండలమందలి మూడు గ్రామములే ముఖ్యములు. గొలగమూడిలో వెంకయ్యస్వామి సమాధి యున్నది; కసుమూరులో మస్తాన్ వలి దర్గా యున్నది; సర్వేపల్లి తన పేరును రాధాకృష్ణపండితునకు ఇంటిపేరుగా ఒసగి లోకమునకు తెలియ వచ్చినది. ఇట్టి నేలపై పెరుగుచున్న దిక్కులేని బిడ్డలకు దేవుని గూర్చి ఏమి చెప్పుచున్నారో చూడవలెనని బయలుదేరితిని.

గృహము క్రైస్తవులది; పేరు చెప్పను. పడకగదులు, చదువుల సావడి, క్రొత్తగా వేయించిన స్నానపు గదులు అన్నియు చూపిరి. అన్నియు శుభ్రముగా నున్నవి. నేను దాటి వచ్చిన కొన్ని ప్రభుత్వ వసతిగృహములతో పోల్చినచో స్వర్గమనియే చెప్పవలెను. పిల్లలు వరుసగా నిలిచి "వందనాలు సార్" అని యేకకంఠముతో పలికిరి. ఆ తరువాత నన్ను ప్రార్థనామందిరమునకు తీసికొనిపోవలెనని నిర్వాహకుల సంకల్పము. నా కాళ్ళు మాత్రము వంటయింటి గడప దగ్గరనే ఆగిపోయినవి.

అచ్చట అరువదేండ్లు దాటిన వంటామె నేలపై చతికిలబడి బియ్యము చెరుగుచుండెను. మొలగొలుకులను సన్నబియ్యమునకు ఒకనాడు దేశమంతట పేరుపడిన నెల్లూరు సీమలో ఇప్పుడు ఆమె చేటలోనికి వచ్చినవి ముతకబియ్యము. ఆమె మణికట్టు ఒక్కసారి విదిలించినంతనే ఊక ముందునకు ఎగిరెను, నూక ఒక మూలకు జారెను, రాయి చేట అంచున వచ్చి నిలిచెను; ఆ రాతిని ఆమె చూడకయే బొటనవ్రేలితో మీటి పారవేసెను. ఆ చేతుల నైపుణ్యమును చూచుచు నిలిచిన నన్ను తలయెత్తియైన చూడక, తనలో తాను గొణుగుకొనినట్లు మొదలుపెట్టెను.

"ఏడు గంటలకే ఉప్మా దించుతానా సామీ, పాట, ప్రార్థన, వాక్యం అన్నీ అయ్యేతలికి ఎనిమిదవతాది. చిన్నబిడ్డలు కళ్ళు మూసుకున్నట్టే మూసుకోని వేళ్ళసందున గిన్నెల తట్టు చూస్తా ఉంటారు. తిన్నాక మొక్కితే ఆయనకేంది నష్టం?"

నేను నవ్వితిని, ఆమె నవ్వలేదు. చేట ప్రక్కన పెట్టి, పప్పుల అరమీది నుండి ఒక పాత బిస్కత్తుల రేకుడబ్బా దించి మూత తీసెను. అందు నల్ల మొలత్రాళ్ళు, కసుమూరు తాయెత్తులు, గొలగమూడినుండి ఏ తల్లియో తెచ్చి కట్టిన దారములు, అరిగిపోయిన ఆంజనేయుని బిళ్ళ యొకటి యుండెను. బిడ్డ గృహమున చేరిన దినమున స్నానము చేయించి, క్రొత్తబట్టలు తొడిగి, ఒంటిమీది ఇట్టి వస్తువులను తీసివేయుట అచ్చటి ఆచారమట. పారవేయుమని ఆమె చేతికి ఇత్తురట. ఆమెకు చదువు రాదు. అందుచేత ఏ వస్తువు ఏ బిడ్డదో గుర్తు తెలియుటకు, ఆ బిడ్డ వచ్చిననాడు తొడుగుకొనిన చొక్కా పేలికలో ముడివేసి దాచినది.

"అమ్మ కట్టిందాన్ని పారేసేదానికి నాకు చేతులు రాలేదు సామీ. పెద్దోళ్ళయి పొయ్యేటప్పుడు ఇస్తా. కట్టుకుంటారో పారేసుకుంటారో వాళ్ళిష్టం." ఆ పిమ్మట డబ్బా అడుగునుండి ఒక చిన్న ఇత్తడి శిలువను తీసి చూపెను. "ఇది ఈడిది కాదు. ముందు నేను పన్జేసిన ఆశ్రమంలోది. ఆడ శ్లోకాలు నేర్పించేవోళ్ళు, సిలవ తీయించినారు. ఆ బిడ్డ మళ్ళా కనపడలేదు."

ఆ డబ్బా చూచిన తరువాత ఆ గృహమున నాకు కనబడిన ప్రతి వస్తువును దాని వెలుగులోనే చూచితిని.

సాయంకాలము జాబులు వ్రాయు వేళ. ఒక్కొక్క బిడ్డకు సముద్రపుటావల ఒక్కొక్క దాత యున్నాడు. మాసమునకు ఇంతయని పంపును. ఏడాదికి రెండు మూడు పర్యాయములు బిడ్డ చేతివ్రాతతో ఉత్తరమును, ఛాయాచిత్రమును ఆయనకు చేరవలెను. నల్లబల్లపై పాఠము సిద్ధముగా నుండెను: ప్రియమైన అంకుల్, ఆంటీ, నేను క్షేమము, ప్రతిదినము మీ కొరకు ప్రార్థించుచున్నాను. పిల్లలు నాలుక పెదవుల నడుమ బిగించి అక్షరము అక్షరము దింపుకొనుచుండిరి. మూడవ తరగతి బాలునొకని ప్రక్కన కూర్చుండి, నిజముగా ప్రార్థనలో నీవు ఏమి యడుగుదువని ప్రశ్నించితిని. "మా ఆంటీకి మోకాళ్ళ నొప్పి తగ్గాలని" అనెను. నీ కొరకు? వాడు నల్లబల్లవైపు చూచి, అందు సమాధానము లేకపోవుటచేత నా చెవి దగ్గరకు జరిగి, "మా అవ్వ రావాలని సార్. కానీ అది జాబులో రాయకూడదు" అనెను. అవ్వ బ్రదికి యున్న బిడ్డ అనాథ యెట్లగునని దాత అడుగునను భయము ఎవరిదో కాని, దానిని మోయుచున్నవాడు ఆ పసివాడు.

నిర్వాహకుని నేను నిందింపజాలను. పిల్లలాయనను డాడీగారని పిలుతురు. ఆ పిలుపులో వేషము లేదు. ఏ బిడ్డకు జ్వరము వచ్చినను ఆయన ఆ మంచము ప్రక్కనే నేలపై పరుండునని వంటామెయే చెప్పినది. నా అసంతృప్తిని గ్రహించి ఆయన శాంతముగా, "తండ్రి లేని బిడ్డకు పరలోకంలో తండ్రి ఉన్నాడని చెప్పకపోతే ఇంకేం చెప్పమంటారండీ? నేనూ ఇలాంటి గృహంలోనే పెరిగాను. ఆ ఒక్క మాట పట్టుకునే బతికాను" అనెను. ఈ మాటను తేలికగా త్రోసివేయువాడు అనాథత్వమును ఎరుగనివాడు. విశ్వాసము లేని అన్నము బిడ్డ దేహమును మాత్రమే పెంచుననుటయందు నాకును సందేహము లేదు. నా సందేహము వేరు: ఆ విశ్వాసమును వలదనుటకు కూడ వీలుగల స్థితిలో బిడ్డ యున్నాడా?

ఈ ప్రశ్న ఈ సీమకు క్రొత్తది కాదు. 1840లో శామ్యూల్ డే అను అమెరికను బాప్టిస్టు మిషనరీ నెల్లూరికి వచ్చినది మొదలు, బడియు, ఆసుపత్రియు, అన్నమును, సువార్తయు ఇచ్చట ఒకే చేతినుండి వచ్చుచున్నవి. అయినను ఆ మిషనుకే చెందిన జాన్ క్లౌ దొర 1876-78 నాటి మహాక్షామమున ఒంగోలులో నడచిన తీరు స్మరింపదగినది. బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని ఆయన వేలాది బీదలకు కూలి దొరకునట్లు చేసెను. ఆ కరవుకూలి తన చేతిమీదుగా సాగినన్నాళ్ళు బాప్తిస్మము కోరి వచ్చినవారిని త్రిప్పి పంపెను. అటుపిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను గూర్చి చరిత్రకారులు ఎన్ని విధముల తర్కించినను, అన్నమును, ప్రమాణమును ఒకే విస్తరిలో వడ్డింపరాదని ఆ దొర యెరిగియుండెననుట స్పష్టము. క్షామము కొన్ని ఋతువులకు తీరును. అనాథబాలునకు పదునెనిమిదేండ్లు నిండువరకు అన్నము అదే చేతినుండి రావలెను. పెద్దల విషయమున క్లౌ దొర పాటించిన వ్యవధి ఈ పసివానికి ఎన్నడు దొరకును?

మిషనుబడిలో చదివినవారందరును తమ మతమును కోల్పోయిరా యని అడుగువారికి సర్వేపల్లి వారినే ఉదాహరణముగా చూపుట వాడుక. నిజమే, రాధాకృష్ణులు తిరుపతిలో హెర్మన్స్‌బర్గు లూథరను మిషను బడిలోను, వేలూరు వూర్హీస్ కళాశాలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివిరి, అచ్చట విన్న హిందూమతవిమర్శయే ఆయనను స్వమతపరిశీలనమునకు పురికొల్పినది. కాని బడి వెలుపల ఆయనకు వేరొక ఇల్లున్నది, ఆ యింట వేరొక దీపమున్నది. రెండు స్వరములు వినబడినవానికే విచారణ పుట్టును. బడియు, ఇల్లును, అన్నపుసాలయు, గుడియు ఒకే ప్రహరిలో నున్న బిడ్డకు రెండవ స్వర మెక్కడిది? ఆ రాధాకృష్ణులే అధ్యక్షులుగా నుండిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము 1949లో మతబోధను గూర్చి సలహా ఇచ్చునప్పుడు, దినారంభమున కొన్ని నిమిషముల మౌనధ్యానమును, ప్రథమ సంవత్సరమున బుద్ధుడు, యేసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానకు మొదలగువారి చరిత్రలను నిర్దేశించినది. ఆ సూచన కళాశాలల కొరకు చేసినది; అయినను ఆయన యింటిపేరుగల గ్రామమున్న మండలముననే ఒక బాలల గృహము దానిని ఆచరణమున పెట్టినచో తప్పేమి?

రాజ్యాంగము 28వ అధికరణమున, ప్రభుత్వపు గుర్తింపుగాని సాయముగాని పొందిన విద్యాలయమున ఎవరినిగాని వారి సమ్మతి లేక, మైనరైనచో సంరక్షకుని సమ్మతి లేక, మతబోధకు కూర్చుండబెట్టరాదని యున్నది. మంచి నియమము. అనాథ విషయమున సంరక్షకుడెవరు? బోధించువాడే. తాను అడిగి తానే ఒప్పుకొను సమ్మతికి విలువ యేమి? మన దేశము 1992లో అంగీకరించిన 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక తల్లిదండ్రుల పోషణ కరువైన బిడ్డల పెంపకమున వారి మతసంస్కృతిభాషల పూర్వానుబంధము తెగకుండ చూడవలెనని చెప్పుచున్నది. గృహపు ప్రవేశపత్రమున మతమను గడి యొకటి యుండనే యున్నది. ఆ గడిలోని మాట పిమ్మట ఏమైనదని తనిఖీకి వచ్చు అధికారి అడిగినట్లు నేను వినలేదు.

తండ్రి విడిచిన అరయెకరము పొలమును మైనరు బిడ్డ సంరక్షకుడు న్యాయస్థానపు అనుమతి లేక అమ్మరాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము అట్లు శాసించినది. పొలము లేని తల్లి బిడ్డకు ఏమి విడిచిపోవును? ఈ సీమలో బిడ్డకు జ్వరము తగిలిన తల్లి ఒకనాడు గొలగమూడికి, మరియొకనాడు కసుమూరుకు పోవును. ఇద్దరి యెడలను ఆమెకు గురి కలదు, ఇద్దరి నడుమ ఆమెకు కలహము తోచదు. ఆమె కట్టిన దారము మూఢవిశ్వాసమే కావచ్చును. దానిని పెద్దవాడైన కొడుకు తెంచి పారవేయుటయు న్యాయమే కావచ్చును. కాని అది వాని ఆస్తి. వాడు మేజరగువరకు దానిని భద్రపరచు ధర్మకర్తృత్వము చదువుకొన్న పెద్దలు వహింపలేదు. అక్షరము రాని వంటామె రేకుడబ్బాలో వహించినది. ఈ మాట శిలువ తీయించిన ఆశ్రమమునకును, ఇతర మతముల వసతిగృహములకును సమముగా వర్తించును.

చేయవలసినవి పెద్ద పనులు కావు. అన్నము ముందు పెట్టుడు. ప్రార్థన తరువాత, ఇష్టపడి వచ్చువారికి మాత్రమే జరుపుడు. అవ్వ గాని, మేనమామ గాని వచ్చినప్పుడు బిడ్డను తమ వెంట తమ గుడికో, దర్గాకో, చర్చికో తీసికొనిపోనిండు. చేరిననాడు ఒంటిమీద నున్న వస్తువులను జాబితా వ్రాసి దాచి, వెడలునాడు సంతకము పెట్టించి ఇండు. విదేశమందలి దాతలకు, వారు మంచివారు గనుక, ఒక్క మాట నిర్మొగమాటముగా వ్రాయుడు: మీ సొమ్మునకు లెక్క చూపెదము, బిడ్డ చదువును, ఆరోగ్యమును తెలిపెదము, వాడు దేవునితో ఏమి చెప్పుకొనుచున్నాడో అది ఆ లెక్కలోనికి రాదు.