వెండి లోయలో ఒక రోజు

అమెరికా వాయవ్య భాగాన, ఐడహో రాష్ట్రపు కొండల నడుమ సాగే ఒక సన్నని లోయకు ‘సిల్వర్ వ్యాలీ’ అని పేరు. ప్రపంచంలో అత్యధికంగా వెండినిచ్చిన ప్రాంతాలలో ఇదొకటి. 1880ల నుంచి ఇక్కడి గనులు వంద కోట్ల ఔన్సులకు మించిన వెండిని వెలికితీశాయి. వెండి, బంగారాల లెక్కలో ఔన్సు అంటే సుమారు 31.1 గ్రాములు. స్పొకేన్ నగరం నుంచి తూర్పుగా దాదాపు 130 కిలోమీటర్లు వెళితే ఈ లోయలోని వాలెస్ పట్టణం వస్తుంది.

నాలుగు వైపులా నిటారైన కొండలు, వాటి మీద దట్టమైన అడవి, అడుగున ఇటుక భవనాల చిన్న పట్టణం. జాతీయ రహదారి విస్తరణలో ఈ భవనాలు కూలిపోవలసి ఉండగా, పట్టణ వాసులు వాటిని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్పించి కాపాడుకున్నారు. 1991లో రహదారిని స్తంభాల మీదుగా ఊరి పక్క నుంచి మళ్లించారు. పాతదానికి విలువ ఉంటుందని నమ్మిన ఊరు ఇది.

సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి మమ్మల్ని ఇక్కడికి తీసుకువచ్చాడు. పాత వెండి బిల్లలు సేకరించడం అతనికి కొన్నాళ్లుగా అలవాటైంది. కూతురి చదువు కోసం దాచిన సొమ్ములో సగం వీటిలో పెట్టాలన్నది అతని ఆలోచన. దాని మీద నా అభిప్రాయం అడిగాడు.

ఈ బిల్లల కథ కొంత చెప్పాలి. 1970లలో అమెరికాలోని ప్రైవేటు టంకశాలలు ఔన్సు బరువుగల దీర్ఘచతురస్రపు వెండి బిల్లలను రకరకాల చిత్రాలతో ముద్రించి అమ్మాయి. ఓడలు, రైళ్లు, పండుగలు, పక్షులు, నాయకులు... ఏ విషయమూ మిగల్లేదు. వీటిని ‘ఆర్ట్ బార్లు’ అన్నారు. మా అబ్బాయి ప్రాణుల బొమ్మలున్నవాటి జోలికి పోకుండా ఓడలు, వంతెనలు ఉన్నవి మాత్రమే ఏరుకున్నాడు. ఇవి కాక పోత పోసిన కడ్డీలు ఉన్నాయి. ఎంగెల్‌హార్డ్, జాన్సన్ మాథే వంటి సంస్థల పాత కడ్డీల మీద సంస్థ ముద్ర, బరువు, 999 అనే స్వచ్ఛత అంకె, చాలావాటిపై వరుస సంఖ్య కూడా ఉంటాయి. కరిగిన లోహం చల్లారేటప్పుడు ఏర్పడిన అలల గీతలు వాటి పైభాగాన కనిపిస్తాయి. ఏ రెండు కడ్డీల గీతలూ ఒకేలా ఉండవు. వాటి అందమంతా అక్కడే ఉంది.

పట్టణంలోని ఒక దుకాణంలో యజమాని రెండు బిల్లలను వరుసగా త్రాసులో పెట్టి చూపాడు. రెండూ ఔన్సు బరువే, రెండూ 999 స్వచ్ఛతే. కాని ఒకదాని ధర రెండోదానికి దాదాపు రెట్టింపు. “తిరిగి అమ్మితే ఎంతకు తీసుకుంటారు?” అని అడిగాను. సాదా బిల్లకు ఆనాటి వెండి ధరకు దగ్గరగా ఇస్తాననీ, చిత్రమున్నదానికి మాత్రం దానిని కోరే గిరాకీ ఉంటేనే ఎక్కువ ఇవ్వగలననీ అతడు దాచకుండా చెప్పాడు. మన ఊళ్లలో నగ కొన్నప్పుడు చెల్లించిన తరుగు, మజూరీ అమ్మేటప్పుడు తిరిగిరావని మన స్త్రీలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇక్కడి లెక్క కూడా ఇంచుమించు అదే.

వెండి ధర కూడా స్థిరంగా ఉండదు. 1979 ఆరంభంలో ఔన్సు సుమారు 6 డాలర్లు. టెక్సాస్‌కు చెందిన హంట్ సోదరులు అప్పులు చేసి మరీ వెండిని భారీగా పోగుచేయగా, 1980 జనవరిలో ధర 50 డాలర్ల దరిదాపులకు చేరింది. మార్చి 27న, ఒక గురువారం, 11 డాలర్ల లోపుకు పడిపోయింది. ధర శిఖరాన ఉన్న ఆ కొద్ది వారాలలో ప్రజలు వెండి పాత్రలతో పాటు ఈ చిత్రాల బిల్లలను కూడా కరిగింపుకు ఇచ్చేశారు. లోహం ధర పెరిగినప్పుడు కళను ఎవరూ చూడలేదు. నాడు కరగకుండా మిగిలినవే నేడు అరుదైనవిగా అమ్ముడవుతున్నాయి.

వాలెస్‌కు, కెలాగ్‌కు నడుమ రహదారి పక్కన ఒక గని కార్మికుని విగ్రహం నిలబడి ఉంది. 1972 మే 2న సన్‌షైన్ గనిలో నిప్పు రాజుకొని, విషపు పొగ సొరంగాలలో వ్యాపించి 91 మంది మరణించారు. లోపల చిక్కుకున్నవారిలో ఇద్దరు మాత్రం వారం రోజుల తరువాత సజీవంగా బయటపడ్డారు. గని భద్రతకు 1977లో వచ్చిన కఠిన చట్టం వెనుక ఈ దుర్ఘటన కూడా ఒక కారణం. వెండితోపాటు పైకివచ్చిన సీసం ఈ లోయ నేలను, నీటిని, చివరకు పసిపిల్లల రక్తాన్ని సైతం కలుషితం చేసింది. 1983లో ప్రభుత్వం దీనిని శుద్ధి చేయవలసిన ప్రాంతాల జాబితాలో చేర్చింది. మృతుల పేర్లు చదువుతూ మా కోడలు చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. మెరిసే బిల్ల వెల త్రాసులో పూర్తిగా తేలదని ఆ చోటు చెబుతుంది.

తిరుగు దారిలో మా అబ్బాయి అడిగాడు: “అబ్బా, సేకరించేవాళ్లు ఒక అరుదైన బిల్ల ఇచ్చి రెండు మామూలువి తీసుకుంటారు. మనం అలా చేయవచ్చా?” వెండికి వెండి మారేటప్పుడు తూకం సమానంగా ఉండాలి, చేతికి చేయి అందాలి. పనితనం పేరుతో కూడా ఎక్కువ తూకం తీసుకోవడం వడ్డీలోకే వస్తుంది. ఉన్నది డబ్బుకు అమ్మి, కావలసినది డబ్బుకు కొనుక్కోవడమే ధర్మసమ్మతమైన దారి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ముందు డబ్బు చెల్లించి తరువాత వెండి అందుకునే పద్ధతిపై పండితులను సంప్రదించాలి.

జకాత్ మాట కూడా వచ్చింది. మన ఉలమాలు చెప్పే వెండి నిసాబ్ యాభైరెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. ఈ లెక్కన ఇరవై బిల్లలు చేరితే నిసాబ్ పూర్తవుతుంది. నగదు, బంగారం కూడా కలిపితే ఉద్యోగస్తునికి అంతకు ముందే పూర్తవుతుంది. ఏడాది గడిస్తే నూటికి రెండున్నర వంతు పేదల హక్కు. అమ్మే ఉద్దేశంతో దాచినవాటికి తూకం మాత్రమే కాదు, ఆనాటి అంగడి ధరను లెక్కలోకి తీసుకోవాలి. అరుదైన బిల్ల అని గర్వంగా చూపుకొనే వ్యక్తి, జకాత్ వేళ దానిని ఉత్త లోహమని చెప్పుకోలేడు.

నా అభిప్రాయం అతనికి స్పష్టంగానే చెప్పాను. సేకరణ ముచ్చట. ముచ్చటకు ఖర్చు ఉంటుంది, తప్పులేదు. అది ఇల్లు గడిచాక మిగిలినదానితో సాగాలి. బిడ్డ చదువు సొమ్ము మరొకరి ముచ్చట మీద, వారు కోరే ధర మీద ఆధారపడకూడదు. వెండిలోనే దాచదలిస్తే, ఏ ఊళ్లోనైనా తూచి వెల కట్టగల సాదా కడ్డీ చాలు. అది కూడా సొమ్ములో కొద్ది భాగమే. స్పొకేన్ చేరేసరికి మగ్రిబ్ వేళయింది. నమాజ్ తరువాత మా కోడలు డైరీ తీసి అతని బిల్లలు లెక్కించి రాసింది: పద్నాలుగు. ఆ పక్కనే ఆనాటి ధర, దాని కింద జకాత్ చెల్లించవలసిన తేదీ.