విత్తనానికి తొలి పాన్పు

వంగ, మిరప, టమాటా విత్తనాలు మిక్కిలి చిన్నవి. అందుచేత వాటిని సాధారణంగా ముందు నారుగా పెంచి, పిదప నాటుతారు. పల్లెలో అందుకు నారుమడి ఉంటుంది. పట్టణవాసికి వసారాలోని తట్టయే నారుమడి. ఎంత పెడితే బిడ్డకు అంత బలమని తలచే తల్లివలె, చాలామంది ఆ తట్టను పశువుల ఎరువుతో నింపి విత్తుతారు. మొలక వస్తుంది, రెండాకులు విప్పుతుంది. ఒక ఉదయం కాడ మొదలు మెత్తబడి నేలకొరుగుతుంది. ఇదే నారుకుళ్లు తెగులు. గాలి ఆడని మన్ను, అధికమైన తేమ, చివకని ఎరువు దీనిని పెంచి పోషిస్తాయి. వసారాలో పోయేవి గుప్పెడు మొక్కలే. సన్నకారు రైతు నారుమడిలో ఇదే జరిగితే అదను దాటిపోతుంది; మరల పోసిన నారు నాటుకు వచ్చేసరికి ఇంచుమించు నెల గడుస్తుంది.

పశువుల ఎరువును నిందించడం న్యాయం కాదు. బాగా చివికినదైతే ఎదిగిన మొక్కకు అంతకంటె మేలైనది అరుదు. కాని విత్తనం తన తొలి భోజనాన్ని తనతోనే తెచ్చుకొంటుంది. అప్పుడు దానికి కావలసినవి తేమ, గాలి, వెచ్చదనం, శుచియైన తావు. లవణాలు మిక్కుటమైన ఎరువులో లేతవేరు నీటిని పీల్చుకోలేదు.

ఈ భేదాన్ని లెక్కకట్టి చూపినవారు ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థకు చెందిన లారెన్స్, న్యూవెల్. మొలకలు చనిపోవడానికి విరుగుడు వెదకుతూ 1930లలో వారు మన్నును ఆవిరితో శుద్ధిచేశారు. విత్తులకు రెండు పాళ్ల మన్ను, ఒక పాలు పీట్, ఒక పాలు ఇసుక. కుండీ మొక్కలకు వేరొక మిశ్రమం. పీట్ అనగా చిత్తడినేలల్లో నాచు మొదలైనవి వేల ఏండ్లుగా పేరుకొని ఏర్పడిన పదార్థం.

తెలుగునాట ఆ స్థానం కొబ్బరి పొట్టుది. పీచు తీయగా మిగిలే ఈ పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది, గాలినీ ఆడనిస్తుంది, పోషకాలు స్వల్పం. నర్సరీలలో ప్రోట్రేల గుంతలను నింపేది ఎక్కువగా ఇదే. అయితే పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. మంచినీటిలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి వాడాలి. కొద్దిగా వానపాముల ఎరువు కలిపితే చాలు. తడిపిన మిశ్రమాన్ని పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు బొట్లకు మించి రాలరాదు. పిడికిలి విప్పి వ్రేలితో తాకితే ముద్ద విడిపోవాలి. దుర్వాసన వస్తే అది ఇంకా చివకలేదన్నమాట. మరికొన్నాళ్లు నీడన గుట్టపోసి ఉంచడమే మార్గం.