జోకు మన మీదైతే గొంతు ఎవరిది?

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. నంద్యాల హాస్టల్‌లో ఒకే రూమ్‌లో ఉండే నలుగురం మాట్లాడుకుని ఇది రాస్తున్నాం. మాలో ఇద్దరు ఆళ్లగడ్డ వైపు చెంచులు, ఒకరు సుగాలి, ఒకరు ఎరుకల. విషయం చెప్తే నవ్వుతారేమో. కార్టూన్ గురించి.

"సింప్సన్స్ ముందే చెప్పేసింది" అనే రీల్స్ మీ ఫోన్లలోకి కూడా వచ్చే ఉంటాయి. పసుపు రంగు బొమ్మలు, వెనక భయపెట్టే మ్యూజిక్. ట్రంప్ ప్రెసిడెంట్ అవుతాడని ఎన్నో ఏళ్ల ముందే చూపించారంటాడు ఒకాయన. మా రూమ్‌లో దీని మీద పెద్ద వాదనే నడిచింది. మన బనగానపల్లె రవ్వలకొండలో బ్రహ్మంగారు రాసిన కాలజ్ఞానం లాంటిదని ఒకరు, అంతా ఎడిటింగ్ అని ఇంకొకరు. సరే చూద్దామని కూర్చుని వెదికినాం.

"ది సింప్సన్స్" అమెరికాలో 1989 డిసెంబర్ నుంచి వస్తున్న కామెడీ. 750కి పైగా ఎపిసోడ్లు అయినాయి. తయారు చేసినాయన మ్యాట్ గ్రోనింగ్. హోమర్, మార్జ్, లిసా, మ్యాగీ అనేవి ఆయన ఇంట్లోవాళ్ల పేర్లే. ట్రంప్ ఎపిసోడ్ 2000 మార్చిలో వచ్చింది. కానీ 1999లోనే ట్రంప్ రిఫార్మ్ పార్టీ తరఫున ప్రెసిడెంట్ పోటీకి దిగాలని నిజంగానే ప్రయత్నం మొదలుపెట్టినాడు. పేపర్లో వచ్చిన వార్త మీద వేసిన జోకు అది. ఇక ఆయన ఎస్కలేటర్ మీద దిగే బొమ్మ ఉంది కదా, ఆ సంగతి నిజంగా జరిగింది 2015 జూన్‌లో. బొమ్మ వచ్చింది జులైలో. అంటే జోస్యం కాదు, జరిగినదానికి నకలు.

ఆ కార్టూన్ చాలావరకు నడిచేదే ఇట్లా. తెర మీద జోకు సగమే ఉంటుంది. మిగతా సగం చూసేవాళ్ల తలలో ముందే ఉండాలి. ఏదో పాత సినిమా, ఏదో పాట, ఎవరో నాయకుడు. అది తెలిస్తే నవ్వొస్తుంది, తెలియకపోతే బొమ్మలు కదుల్తుంటాయి అంతే. "ఛోటా భీమ్" గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ కంపెనీ తీసింది, 2008లో పోగోలో మొదలైంది. ఆ పిల్లోడు లడ్డూ తినగానే బలం ఎందుకొస్తుందో, వానికి ఆ పేరే ఎందుకు పెట్టినారో మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే పనే లేదు. తిండికీ బలానికీ భీముడంటే భీముడే అని అవ్వల దగ్గర విన్న కథల్లోనే ఉంది.

అందుకే ఒక మాట. కాలేజీలో "హ్యారీ పాటర్ తెలీదా? ఫ్రెండ్స్ చూడలేదా?" అని అడిగి మనల్ని కింద నుంచి పైకి చూసేవాళ్లు ఉంటారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వచ్చినోళ్లకు ఇది బాగా తెలుసు. రెఫరెన్స్ తెలియడం తెలివి కాదు. అది ఇంటి నుంచి వచ్చే ఆస్తి లాంటిది. వాళ్ల ఇంట్లో అది ఉంది, మన ఇంట్లో ఇంకొకటి ఉంది. కావాలంటే వారం రోజుల్లో నేర్చుకోవచ్చు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ కార్టూన్‌లో అపూ అనే ఇండియా షాపాయన ఉంటాడు. 1990లో వచ్చినాడు. ఆ పేరు సత్యజిత్ రే తీసిన అపూ సినిమాల నుంచి తీసుకున్నది. చూడండి, ఎంత గౌరవమైన చోట నుంచి వచ్చిందో. మరి ఆ గొంతు? హాంక్ అజారియా అనే తెల్లాయనది. ఆ యాసకు 1968లో వచ్చిన "ది పార్టీ" సినిమాలో పీటర్ సెల్లర్స్ చేసిన పాత్ర ఒక ఆధారమని ఆయనే చెప్పినాడు. ఆ పీటర్ సెల్లర్స్ కూడా ఇండియన్ కాదు, ముఖానికి రంగు పూసుకుని ఇండియన్ వేషం కట్టిన ఇంగ్లిష్ నటుడు. నకలుకి నకలు. మధ్యలో ఇండియా మనిషి ఎక్కడా లేడు.

దీని మీద గట్టిగా మాట్లాడినాయన మన తెలుగు కుటుంబం పిల్లోడే. పేరు హరి కొండబోలు, 1982లో న్యూయార్క్‌లో పుట్టినాడు, కమెడియన్. 2017లో "ది ప్రాబ్లమ్ విత్ అపూ" అనే డాక్యుమెంటరీ తీసినాడు. ఆయన సింప్సన్స్ అంటే పడనోడు కాదు, ఇష్టంగా చూసినోడే. ఆయన, ఇంకా చాలామంది అక్కడి మన పిల్లలు స్కూల్లో అపూ యాసతో ఎక్కిరింపులు పడినోళ్లు. 2018లో ఆ కార్టూన్ వాళ్లు లిసా పాత్ర చేత, ఒకప్పుడు అందరూ మెచ్చినది ఇప్పుడు తప్పైపోయింది ఏం చేస్తాం అన్నట్టు ఒక మాట అనిపించి తప్పుకున్నారు. కానీ 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. అదే ఏడాది జూన్‌లో, తెల్లవాళ్లు కాని పాత్రలకు ఇక తెల్లవాళ్లు గొంతు ఇవ్వరని షో వాళ్లే ప్రకటించినారు. 2021లో అజారియా బయటికే క్షమాపణ చెప్పినాడు.

మా సుగాలి ఫ్రెండ్ ఒక ప్రశ్న వేసినాడు. "ఆ కార్టూన్ అందరినీ ఎక్కిరిస్తుంది కదరా, హోమర్‌ని కూడా పిచ్చోడిగానే చూపిస్తారు. అపూ ఒక్కడికే ఎందుకు బాధ?" మంచి ప్రశ్నే. మేము అనుకున్న జవాబు ఇది. హోమర్ లాంటి తెల్లాయన టీవీలో పిచ్చోడిగా కనిపిస్తే, పక్క చానల్లో ఇంకో తెల్లాయన డాక్టర్, ఇంకొకాయన జడ్జి. ఆ రోజుల్లో అమెరికా టీవీలో ఇండియన్ అంటే చాలామందికి గుర్తొచ్చేది అపూనే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సినిమాల్లో, కార్టూన్లలో అడవి మనిషి అంటే ఏం చూపిస్తారు? ఆకులు కట్టుకుని, ఈటె పట్టుకుని, హీరోని కట్టేసి చుట్టూ ఎగరడం. నోట్లో ఏ భాషా కాని "జింగలాలా". లేదంటే కామెడీకి కోయదొర వేషం, సోది చెప్పే ఎరుకల వేషం, పాటకు లంబాడీ బట్టలు. మాలో ఒకరు ఇంటర్‌లో చేరిన కొత్తల్లో ఊరు పేరు చెప్పగానే వెనక బెంచీ నుంచి "జింగలాలా" అని వినబడింది. క్లాసంతా నవ్వు. తర్వాత వచ్చే మాట కూడా మీకు తెలుసు. "జోకే కదరా, లైట్ తీస్కో."

నల్లమలలో ఏ గూడెంలోనూ ఆ మాట లేదు. అది కూడా నకలుకి నకలే.

మన అసలు రెఫరెన్స్ ఎక్కడుందో చెప్తాం. ఆళ్లగడ్డకు దగ్గర్లోనే అహోబిలం. నరసింహస్వామి చెంచు ఆడబిడ్డను పెళ్లి చేసుకున్నాడనేది అక్కడి కథ. చెంచులక్ష్మి పేరుతో 1943లో ఒకటి, 1958లో అక్కినేని, అంజలీదేవితో ఇంకొకటి సినిమాలు వచ్చినాయి. కనుమ నాడు పార్వేట మొదలైతే స్వామి పల్లకీ నెలకు పైగా ఊర్లు తిరుగుతుంది. పల్లకీ మీదికి చెంచులు బాణం వేయడం ఆచారం. చెంచులకు ఆయన ఓబులేసు, ఇంటి అల్లుడు. అల్లుడితో ఎకసెక్కం ఆడే హక్కు ఆడపిల్ల తరఫు వాళ్లకు ఉంటుంది. అక్కడా నవ్వు ఉంది, ఆట ఉంది. కానీ విల్లు చెంచుల చేతిలోనే ఉంది. వేషం కట్టిన ఇంకొకరి చేతిలో లేదు.

తేడా అంతా ఇక్కడే ఉందని మాకు అనిపిస్తోంది. మన మీద జోకులు వద్దని మేము అనడం లేదు. మన గూడేల్లో, తండాల్లో వేసుకున్నన్ని జోకులు ఎవరు వేస్తారు? ఎవరైనా మన పేరుతో నవ్విస్తుంటే ఒక్కటే అడగండి. ఆ గొంతు ఎవరిది? రాసినోళ్లలో మనోళ్లు ఒక్కరైనా ఉన్నారా? హరి కొండబోలు అడిగింది దాదాపు ఇదే. కార్టూన్ ఆగిపోలేదు, ఇంకా వస్తూనే ఉంది. గొంతు విషయం మాత్రం మారింది.

అందుకని ఒక పని పెట్టుకుందాం. వచ్చే ఆదివారం లోపల గ్రూప్‌లో ఒక్కొక్కరు రెండు క్విజ్ ప్రశ్నలు పెట్టండి. ఒకటి బయటి ప్రపంచానిది, ఒకటి మన గూడెం, మన తండాది. మొదటి రెండు మావే.

1. సింప్సన్స్‌లో అపూ పేరు ఏ డైరెక్టర్ సినిమాల నుంచి వచ్చింది?

2. అహోబిలం పార్వేటలో స్వామి పల్లకీ మీదికి బాణం వేసేది ఎవరు?

జవాబులు పైన ఉన్నాయి, చదవకుండా కిందికి వచ్చినోళ్లు మళ్లీ పైకి పోండి. మీ ప్రశ్నలు కామెంట్లో రాయండి. మీ భాషలోనే రాసి, అర్థం తెలుగులో ఇచ్చినా సరే.

జై ఆదివాసీ. జై సేవాలాల్.